కాశీలో వదిలిన పప్పుండ

ఈమధ్య నర్సింగు చదువుతున్న పిల్లలు కొందరు మా ఇంటికి వచ్చారు. హిమాలయాల్లో ట్రెక్కింగుకి వెళుతున్నారట. "మేడమ్, మీరు పంతొమ్మిదివందల డెబ్బైల్లోనే కేదారం వెళ్ళారటగా, పైకెక్కేటప్పుడు ఏం తినాలి, ముందునుంచి ఎలా తయారవ్వాలి?" అని అడిగారు. వెళ్ళాను. కానీ గుడి చూడలేదు. సగం పైచిలుకు ఎక్కి దిగిపోయాను. ఎందుకు దిగానో చెప్పడం మొదలుపెడితే కోపం ముంచుకొచ్చింది, గొంతు పెరిగింది, పిల్లలు కాఫీ గ్లాసులు కింద పెట్టేసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు వాళ్ళకి సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కుదురుగా కూర్చుని రాస్తున్నాను. కోపం తగ్గించుకుని రాస్తానని మాత్రం మాటివ్వలేను.

అప్పుడు నేను తిరువూరు ఆస్పత్రిలో నర్సుని. ఒక వేసవిలో మా ఊరి రైతు ఒకాయన యాత్రా బస్సు మాట్లాడారు. కాశీ, కేదారం, బదరీ. పొలాల్లో పనిలేని రోజులు కాబట్టి తిరువూరు, వినగడప, విస్సన్నపేటల నుంచి చాలామంది పేర్లిచ్చారు. ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే. బస్సుకి పెత్తనం ఆయనదే గనక ఆయన్ని పెద్దాయన అంటాను. వంటాయన ఉన్నాడు, గిన్నెలున్నాయి, కొత్తావకాయ జాడీలున్నాయి. వెంట నర్సు కూడా ఉంటే దిగులుండదని పెద్దాయన మా డాక్టరుగారిని అడిగితే, ఆయన నన్ను సెలవు పెట్టి వెళ్ళమన్నారు. అప్పటికి నేను ఎక్కిన పెద్ద కొండ బెజవాడ దుర్గమ్మ కొండ.

డాక్టరుగారు కొన్నాళ్ళు మిలిటరీలో మంచుకొండల మీద పనిచేసి వచ్చినవారు. నన్ను కూర్చోబెట్టి చెప్పారు. పైకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుంది, ఆకలి చచ్చిపోతుంది. ఆకలి లేనప్పుడే తినాలి. కడుపునిండా ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా, నడుస్తూనే తినాలి. నీళ్ళు తాగుతూ ఉండాలి. ఆయాసం రాకుండా మెల్లిగా నడవాలి. ఒక్కరోజులో పైదాకా పోకూడదు, కింద ఊళ్ళో రెండు రాత్రులు పడుకోవాలి, దారి మధ్యలో ఒక రాత్రి ఆగాలి. తలనొప్పీ వాంతీ వస్తే అక్కడే ఆగిపోవాలి. మనిషి తూలితే మాత్రం ఆగడం కాదు, వెంటనే దిగాలి. "అక్కడ మందు దిగడమేనమ్మా. గుడి కనిపిస్తున్నా సరే, దింపెయ్" అన్నారు.

నాకు చెప్పిన పని నేను వదిలిపెట్టే రకం కాదు. ప్రయాణానికి చాలా ముందునుంచే తెల్లవారేసరికి రాగలిగినవాళ్ళందరినీ విస్సన్నపేట రోడ్డు మీదికి లాగాను. కొన్నాళ్ళు రోడ్డు నడక, తరవాత ఊరి బయట రాళ్ళగుట్ట ఎక్కడం, దిగడం. మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి, ఆడవాళ్ళు కొంగులు బిగించి నా వెనకాల నడుస్తుంటే పాలకేంద్రానికి పోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి నవ్వేవాళ్ళు.

పెద్దాయన మూడోనాడే నిలబడిపోయారు. "గట్ల మీద పుట్టి పెరిగినోళ్ళం సిస్టరుగారూ, మాకు నడక నేర్పుతారా ఏంటి మీరు?"

"నడవడం మీకొచ్చు. ఆగడం రాదు. ఆయాసపడుతున్నారు, ఆ రాయి మీద కూర్చోండి" అన్నాను. ఆయన కూర్చోలేదు. అక్కడే నాకు అర్థం కావలసింది.

తిండికి పప్పుండలు అనుకున్నాం. వేరుశనగపప్పు, బెల్లం. బలం వస్తుంది, చెడిపోదు, చలిలో కూడా నమలొచ్చు. పైగా కేదారంలో దర్శనం అయ్యేదాకా వండిన అన్నం ముట్టమని బస్సులో సగం మంది ముందే చెప్పేశారు. మడి కట్టుకుని వంటాయన చేసిన ఉండలైతే వాళ్ళకి అభ్యంతరం లేదు. నడుస్తూ తినడం కడుపుకి అలవాటవ్వాలని డాక్టరుగారు చెప్పారు గనక, గుట్ట ఎక్కేటప్పుడు రోజూ తలా రెండు ఉండలు పంచేదాన్ని.

ఆ నడకల్లోనే ఆ కోడల్ని చూశాను. ఒక మోతుబరి కుటుంబంలో పెద్ద కోడలు, ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. మొగుడు మామిడితోట కోతలకి ఊళ్ళోనే ఉండిపోయాడు. ఈవిడ వస్తోంది అత్తగారికి సేవ చెయ్యడానికి. నడకలో అందరికంటే వెనక ఉండేది, చేతిలో అత్తగారి నీళ్ళ చెంబు, భుజాన అత్తగారి శాలువా. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే రక్తం లేదు. డాక్టరుగారి చేత మాత్రలు ఇప్పించాను. "ఇంట్లో తింటున్నావా?" అంటే, "తింటానండి, అందరిదీ అయ్యాక" అంది. అందరిదీ అయ్యాక గిన్నెలో ఏం మిగులుతుందో నాకు తెలుసు. అందుకని ఆవిడకి రెండు కాదు, నాలుగు ఉండలు పెట్టి, నా కళ్ళముందే తినిపించేదాన్ని. మొదట్లో సిగ్గుపడి అటు తిరిగి తినేది. కొన్నాళ్ళకి గుట్ట కిందికి రాగానే నా డబ్బా వైపు చూడడం మొదలుపెట్టింది. బయల్దేరే నాటికి మొహంలో కాస్త కళ వచ్చింది, గుట్ట ఎక్కడంలో పెద్దాయన్ని దాటిపోయేది. నా ఉద్యోగంలో అంత తృప్తి ఇచ్చిన పనులు తక్కువ.

ఇక కాశీ. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలన్న ఆచారం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఒక కాయో, పండో, తిండో. వదిలిందాన్ని మళ్ళీ జీవితంలో ముట్టకూడదు. కొండమీది తిండి గురించి అంత ఆలోచించిన డాక్టరుగారికి ఈ సంగతి తట్టలేదు, నాకూ తట్టలేదు. ఘాటుకి అందరూ వెళ్ళిన రోజున నేను సత్రంలో విరేచనాలతో పడి ఉన్న ఇద్దరు ముసలాళ్ళకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టిస్తూ కూర్చున్నాను.

మర్నాడు బస్సు బయల్దేరేముందు డబ్బా తెరిచి ఉండలు పంచుతుంటే కోడలు చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దండి."

"ఏం, కడుపులో బాలేదా?"

ఆవిడ అత్తగారి వైపు చూసింది. అత్తగారు బస్సు కిటికీలోంచి సంతోషంగా చెప్పింది. "కాశీలో వదిలేసింది సిస్టరుగారూ. పప్పుండలు. మా ఇంట్లో ఇంత ఇష్టమైంది ఎవరూ వదల్లేదు. ఘాటు దగ్గర పంతులుగారు కూడా మెచ్చుకున్నారు."

"మీరేం వదిలారు?" అన్నాను.

"నేను ఆపిల్ పండు."

ఆ రోజుల్లో తిరువూరులో ఆపిల్ పండు కనిపించాలంటే ఎవరో ఒకరు ఆస్పత్రిలో చేరాలి. పెద్దాయన్ని అడిగితే కాకరకాయ అన్నారు. ఆయన కాకరకాయ తినరని బస్సులో అందరికీ తెలుసు. ఇంకొకాయన పనసపండు, ఆయనకి దాని వాసనే పడదు. అడిగినకొద్దీ నా ఒళ్ళు మండిపోయింది. దేవుడి దగ్గర కూడా బేరం తెలిసినవాళ్ళు వీళ్ళంతా. ఇంతమందిలో నిజంగా ఇష్టమైనదాన్ని వదిలింది ఒక్కతే, కొండ ఎక్కడానికి ఆ తిండి అందరికంటే అవసరమైంది కూడా ఆ ఒక్కతే.

"దేవుడేం అనుకోడులే, నేను మందుగా ఇస్తున్నాను, తిను" అని బతిమాలాను. తిట్టాను. ఆవిడ తల వంచుకుని నిలబడింది తప్ప చెయ్యి చాపలేదు. చివరికి దారిలో బజారు కనిపించినచోటల్లా దిగి ఖర్జూరాలూ వేయించిన శనగలూ కొని ఆవిడకి విడిగా మూట కట్టాను.

కొండ కింది ఊరికి చేరేసరికి అందరూ చలికి మఫ్లర్లు చుట్టుకుని ముక్కులు కారుస్తున్నారు. రెండు రాత్రులు ఇక్కడే అని నేను గదులు చూసుకుంటుంటే పెద్దాయన వచ్చి, పొద్దున్నే నడక మొదలన్నారు.

"రెండు రాత్రులు పడుకోవాలని చెప్పాను గదండీ."

"రేపు సోమవారం సిస్టరుగారూ. కేదారేశ్వరుడి దర్శనం సోమవారం నాడు దొరకడమంటే మాటలా? మధ్యలో ఆగేది కూడా లేదు. పొద్దున ఎక్కితే సాయంత్రానికి దర్శనం."

"డాక్టరుగారు..."

"డాక్టరుగారికి జబ్బులు తెలుసు. సోమవారం తెలియదు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు హరహర మహాదేవ అన్నారు. ఆ కేకతో నా నోరు మూయించారు. నడకలూ గుట్టలూ చేయించిందంతా ఆ ఒక్క కేకలో కొట్టుకుపోయింది. ఇప్పటికీ గుంపుగా వేసే కేక వింటే నాకు చిరాకు.

పొద్దున్నే అత్తగారిని డోలీలో కూర్చోబెట్టారు. నలుగురు కూలీలు ఎత్తుకున్నారు. కోడలు పక్కన నిలబడి నేనిచ్చిన మూట కొంగులో దోపుకుంటుంటే అత్తగారు చెయ్యి చాపి తీసేసుకుంది. "బజారు శనగలు, ఎవరు వేయించారో ఏంటో. దర్శనం అయ్యేదాకా నోట్లో పెట్టుకోకు" అని తన దుప్పటి కింద దాచింది. నేను చూసి గొడవ పెట్టుకున్నాను. ఖర్జూరాలకేం మడి అని అడిగాను. పెద్దాయన మధ్యలోకొచ్చి, యాత్రలో ఈ పోట్లాటలేంటండీ అని గుంపుని కదిలించేశారు. కోడలు నా వైపు చూసి, "పర్లేదండి, సాయంత్రం తింటాను" అంది.

మెల్లిగా నడవండి అని నేను చెప్పిన మాట కొందరు విన్నారు. ఆవిడకి వినే వీలు లేదు. ఆ కూలీలు అక్కడే పుట్టిన మనుషులు, డోలీ ఎత్తుకుని పరుగులాంటి నడక నడుస్తారు. డోలీలోంచి అత్తగారు మంచినీళ్ళంటుంది, శాలువా జారిందంటుంది, కాళ్ళు తిమ్మిరెక్కాయంటుంది. ఈవిడ ఖాళీ కడుపుతో, ఆ డోలీ పక్కన, ఆ ఏటవాలులో పరుగెత్తుతోంది. నేను వెనక ముసలాళ్ళని నడిపించుకుంటూ వస్తున్నాను. పైన మలుపులో ఒక్కోసారి ఆవిడ చీర రంగు కనిపించేది, అంతలోనే మాయమయ్యేది.

సగం దారి దాటాక డోలీ దింపి ఉన్న చోట ఆవిడని అందుకున్నాను. రాయి మీద తల పట్టుకుని కూర్చుంది. పక్కన వాంతి, వట్టి నీళ్ళు. పెదవులు నల్లబడ్డాయి. తన పేరు అడిగితే చెప్పింది. ఊరి పేరు అడిగితే కాస్త ఆలోచించింది. డాక్టరుగారు నేర్పినట్టు నేల మీద కర్రతో గీత గీసి, మడమకి బొటనవేలు ఆనించి దాని మీద నడవమన్నాను. రెండడుగులకే పక్కకి తూలింది, నేను పట్టుకోకపోతే లోయ వైపు పడేది.

"దింపెయ్యాలి. ఇప్పుడే" అన్నాను.

పెద్దాయన చెయ్యి చాపి పైకి చూపించారు. "ఇంకెంత దూరమండీ? కాస్త నిమ్మకాయ వాసన చూపించండి, ఎక్కేస్తుంది."

"ఎక్కదు. ఎక్కితే దిగదు. ఆ డోలీ ఇటివ్వండి."

డోలీలో అత్తగారు కదల్లేదు. "అదీ దిగి, డోలీ కూడా తీసుకుపోతే పైన నన్నెవరు చూస్తారు? నా బట్టలెవరు మారుస్తారు? ఇంతదూరం వచ్చాక దేవుడి గుమ్మం ముందు నన్ను దించేస్తావా?"

అప్పుడు నేనేం అన్నానో మొత్తం ఇక్కడ రాయలేను. రాసినా అచ్చు వెయ్యరు. పెద్దావిడని, వయసులో నాకు తల్లిలాంటిదని చూడలేదు. పెద్దాయన మొహం ఎర్రబడింది. "ఇంతమందిని వదిలేసి ఒక్కదానికోసం కిందికి పోతారా మీరు? అందుకా మిమ్మల్ని తీసుకొచ్చింది?" అన్నారు.

"తూలేది ఒక్కతేనండీ" అన్నాను. మందుల సంచీ వంటాయన చేతిలో పెట్టి, ఎవరికి తలనొప్పి వచ్చినా పైకి పోనివ్వొద్దని చెప్పాను. ఆయన ఒక్కడే, మీరు వెళ్ళండమ్మా అన్నాడు.

అక్కడ మనిషిని వీపు మీద బుట్టలో కూర్చోబెట్టుకుని మోసే కూలీలు ఉంటారు. ఎవరినో పైన దింపి ఖాళీ బుట్టతో వస్తున్న ఒకతన్ని అడ్డంగా నిలబడి ఆపాను. నాకు హిందీ రాదు. ఆవిడని చూపించాను, కిందికి చూపించాను, రెండు చేతులూ జోడించాను. అతను ఇంకేం అడక్కుండా బుట్ట దించాడు. హరహర మహాదేవ అనుకుంటూ మావాళ్ళు పైకి పోయారు. మేము కిందికి. బుట్టలోంచి ఆవిడ తల అటూ ఇటూ వాలుతుంటే నేను పక్కన నడుస్తూ చేత్తో పట్టుకుని, నిద్రపోవద్దని మాట్లాడిస్తూనే ఉన్నాను. మాట్లాడించడమంటే తిట్టడమే. ఆ పూట నాకు వేరే మాటలు రాలేదు.

దిగుతున్నకొద్దీ పెదవుల రంగు మారింది. కింది ఊరు చేరేసరికి తనంతట తాను బుట్టలోంచి దిగి నిలబడింది. టీకొట్టు ముసలాయన చేత బంగాళాదుంపలు ఉడికించి, ఉప్పు చల్లించి, చక్కెర ఎక్కువేసిన టీ పెట్టించి ముందు పెట్టాను. తింది. ఎవరూ పిలవలేదు, ఎవరికీ వడ్డించనక్కర్లేదు. పగటిపూట, అందరికంటే ముందు కూర్చుని వేడివేడిగా తినడం ఆవిడకి పెళ్ళయ్యాక అదే మొదటిసారేమో.

ప్రాణం గట్టెక్కిందని తెలిశాక నా కోపం మళ్ళీ లేచింది. ఈసారి ఆవిడ మీదే. "బుద్ధుందా నీకు? పెద్దాయన కాకరకాయ వదిలాడు. మీ అత్త ఆపిల్ పండు వదిలింది. అందరూ అట్టా తప్పించుకుంటుంటే నీకెందుకమ్మా ఆ నిజాయితీ? ఏ పొట్లకాయో చెప్పి ఊరుకోలేకపోయావా? చచ్చిపోయేదానివి తెలుసా?"

ఆవిడ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. తరవాత మెల్లిగా చెప్పింది.

"పంతులుగారు నన్ను అడిగారండి, అమ్మా నీకు బాగా ఇష్టమైందేంటీ అని. నన్ను అట్టా ఎవరూ అడగలేదండి ఇప్పటిదాకా. మా పుట్టింట్లో అడగలేదు, ఇక్కడా అడగలేదు. అడిగినాయన ముందు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు."

తిట్లు ఆపి, ఇంకో బంగాళాదుంప ఒలిచి ఆవిడ ముందు పెట్టాను. టీకొట్టు ముసలాయన ఏమైందన్నట్టు నా వైపు చూశాడు. చెప్పడానికి నాకు హిందీ రాదు, వచ్చినా చెప్పలేను.

మర్నాడు మావాళ్ళు దిగి వచ్చారు. అందరికీ తలనొప్పులు, ఇద్దరికి వాంతులు, అయినా దర్శనం అయిందన్న వెలుగు మొహాల్లో ఉంది. అత్తగారు డోలీ దిగి, కోడలి చేతిలో ప్రసాదం పెట్టి, నలుగురూ వినేలా అంది. "గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయావు. ప్రాప్తం లేదు నీకు."

నేను ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "పెద్దమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. మీ కోడలికి ఏం తినడమంటే ఇష్టం?"

"అదే, ఆ పప్పుండలు. వదిలేసింది కదా."

"అవి నేను అలవాటు చేసినవి. మీ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది, మీ ఇంట్లో వండేదాంట్లో ఆవిడకి ఇష్టమైంది ఒక్కటి చెప్పండి."

అత్తగారు నోరు తెరిచింది. కోడలి వైపు చూసింది. పెద్దాయన బస్సు టైరు చూడ్డానికి వెళ్ళిపోయారు. ఎంతసేపు నిలబడ్డా ఆ పెద్దావిడకి ఒక్క కూర పేరు కూడా దొరకలేదు. చివరికి, "అదేం పెట్టినా తింటుంది" అంది. మెచ్చుకుంటున్నట్టే అంది.

తిరిగొచ్చాక పెద్దాయన ఆస్పత్రికి వచ్చి నా మీద డాక్టరుగారికి ఫిర్యాదు చేశారు. బస్సుని గాలికొదిలేసి పోయాననీ, పెద్దవాళ్ళని నోటికొచ్చినట్టు అన్నాననీ. డాక్టరుగారు అంతా విని, "ఆ అమ్మాయి బతికుందా?" అని ఒక్కటే అడిగారు. ఉందన్నాక ఇంక ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. ఆ కోడలు మాత్రం ఇచ్చిన మాట తప్పలేదు. తరవాత చాలాసార్లు మాత్రల కోసం వచ్చింది, పప్పుండ మళ్ళీ ముట్టనే లేదు. దానికీ నాకు కోపమే.

పిల్లలూ, మీరు అడిగిన దానికి జవాబు చెప్పాను. మెల్లిగా ఎక్కండి, కొంచెం కొంచెంగా తినండి, నీళ్ళు తాగండి, రాత్రులు ఆగండి, మనిషి తూలితే దించండి. ఇది ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకని సంగతి ఒకటుంది. ఆ యాత్ర తరవాత రిటైరయ్యేదాకా, వార్డులో ఆడవాళ్ళకి పథ్యం చెప్పేముందు, "నీకేం ఇష్టమమ్మా?" అని అడిగేదాన్ని. సులభమైన ప్రశ్నే. మగవాళ్ళు అడక్కముందే చెప్పేవాళ్ళు. ఆడవాళ్ళు చాలామంది ముందు పక్కన నిలబడ్డవాళ్ళ మొహం చూసేవాళ్ళు. వాళ్ళని కాదు, నిన్నే అడుగుతున్నానని గద్దిస్తే తల దించుకుని నవ్వేవాళ్ళు.

"ఏదైనా పర్లేదండి" అనేవాళ్ళు.